ఈ రొట్టె చేసినదెవరు?



మీ సంఘములో సంస్కారపు ఆదివారమున బల్లమీద ఉంచు రొట్టె ఎక్కడనుండి వచ్చుచున్నదో ఎన్నడైనను విచారించితిరా? పట్టణములోని దుకాణమునుండి వచ్చునా, లేక సంఘములో ఎవరి ఇంటినుండియైనను వచ్చునా? ఇదియొక ప్రశ్నయా, అయ్యగారికి వేరు పని లేదా అని మీరు నవ్వవచ్చును. నేనును ఒకప్పుడు అట్లే అనుకొంటిని. నాచేత ఈ ప్రశ్న అడిగించినది చదువురాని యొక అవ్వ. ముందు ఆమె సంగతి చెప్పెదను.

1998లో నేను వేదాంత కళాశాల విడిచి, కర్నూలు జిల్లాలో నల్లరేగడి నేలలుగల యొక పల్లెకు కాపరిగా వచ్చితిని. అక్కడ ప్రభువు బల్లకు రొట్టె చేయు పని ఆ అవ్వది. నాకంటె ముందున్న ముగ్గురు కాపరుల కాలమందును ఆమెయే చేసెనట. శనివారము సాయంకాలము శేరు గోధుమలు చేటలో పోసి రాళ్లేరి, తిరగలిలో విసరి, జల్లెడ పట్టి, పెనముమీద కాల్చి, ఉతికిన తువాలులో చుట్టి, ఆదివారము మొదటి గంట కొట్టకముందే తెచ్చి పెట్టెడిది. ఆ ఊరిలో ఇంటింట తినునది జొన్నరొట్టె. అవ్వ ఇంటను అంతే. గోధుమలు బల్లకొరకు మాత్రమే సంతలో కొనెడిది.

ఆ రొట్టె చూచుటకు అంత బాగుండెడిది కాదు. ఒక ప్రక్క మాడెడిది, ఒక ప్రక్క మందముగా నుండెడిది. విరిచినప్పుడు సరిగా విరుగక పొట్టు రాలెడిది. మరియొక సంగతి నన్ను ఇంకను బాధించెను. నేను వరుసగా ఇచ్చుచు ఆమె యొద్దకు వచ్చినప్పుడు, ముక్కను చేత పుచ్చుకొని ఆమె చిన్నగా నవ్వెడిది. ప్రతి నెలయు అంతే. ప్రభువు మరణమును జ్ఞాపకము చేసికొను గడియలో ఈ నవ్వేమిటని నాకు కష్టము తోచెను. అప్పుడు నా చదువు క్రొత్తది, వయస్సు తక్కువ. ఆరు నెలలు ఓర్చి, ఒకనాడు పట్టణములోని బేకరీలో రొట్టె కొని తెచ్చితిని. అంచులు కత్తితో తీసివేసి, తెల్లని చదరపు ముక్కలుగా కోసి పళ్లెములో పేర్చితిని. ఎంతో శుభ్రముగా కనబడెను. "పెద్దదానివైతివి, ఇంక నీకు శ్రమ వద్దులే అవ్వా" అని ఆమెతో చెప్పితిని. అది దయగల మాటయే అనుకొంటిని.

ఆమె ఏమియు అనలేదు. మూడు నెలలు వచ్చెను, పుచ్చుకొనెను, పోయెను. నవ్వలేదు. నాలుగవ నెల ఆరాధన ముగిసిన పిదప వాకిట నిలిచి అడిగెను:

"అయ్యగారూ, ఈ రొట్టె ఎవురు చేసినారు?"

"బేకరీలో కొన్నది గదా అవ్వా" అంటిని.

"అది నాకూ ఎరుకే. చేసినోళ్లు ఎవురని అడుగుతుండా."

నాకు తెలియదు. తెలియదనియే చెప్పితిని. ఆమె తల ఊపి, చెప్పులు తొడుగుకొని వెళ్లిపోయెను. ఆ ప్రశ్న మాత్రము నా యింటిలోనే నిలిచిపోయెను. దానిని వెంటబెట్టుకొని నేను తిరిగిన చరిత్రనే ఈ నెల మీ ముందుంచుచున్నాను.

అవ్వ ప్రశ్నకు తిన్నగా జవాబు చెప్పు రొట్టె ఒకటి లోకములో కలదు. క్రీ.శ. 79లో ఇటలీ దేశమున వెసూవియసు అగ్నిపర్వతము బ్రద్దలై పాంపేయి, హెర్క్యులేనియము అను పట్టణములను పూడ్చివేసిన సంగతి మీలో కొందరు చదివియుందురు. హెర్క్యులేనియమును త్రవ్వినప్పుడు బొగ్గువలె మాడి గట్టిపడిన గుండ్రని రొట్టె యొకటి దొరికెను. దానిమీద అక్షరముల ముద్ర ఉన్నది. క్వింటసు గ్రానియసు వేరసు అనువాని దాసుడైన కెలెరుది ఈ రొట్టె అని దాని భావము. పలువురి రొట్టెలు ఒకే పొయ్యిలో కాల్చునప్పుడు తారుమారు కాకుండుటకై ముద్ర వేసెడివారు కాబోలు. పౌలు రోమాలోని సంఘమునకు పత్రిక వ్రాసి అప్పటికి ఇంకను పాతికేండ్లు కాలేదు. ఆ సంఘములో దాసులు అనేకులుండిరి. వారు విరిచిన రొట్టెలును ఇట్టి చేతులనుండియే వచ్చియుండును.

ఇక పరిశుద్ధ గ్రంథపు దేశమునకు పోవుదము. ఆ కాలమున పిండి సంచులలో అమ్ముట లేదు. ఏ పూట పిండి ఆ పూటకు ఇంటిలో విసరవలసినదే. అది ఆడువారి పని, పనికత్తెల పని. తెల్లవారకముందే ప్రతి ఇంటనుండి తిరగలి చప్పుడు వినబడెడిది. అందుచేతనే యిర్మీయా ప్రవక్త దేశము పాడైపోవుటను వర్ణించుచు, పెండ్లివారి సంతోష ధ్వనితోపాటు తిరగళ్ల ధ్వనియు ఆగిపోవునని చెప్పెను. తిరగలి చప్పుడు లేని ఊరు చచ్చిన ఊరు. మోషే ధర్మశాస్త్రములో ఒక ఆజ్ఞ కలదు: అప్పునకు తాకట్టుగా తిరగలినిగాని దాని మీదిరాతినిగాని పట్టకూడదు, ఏలయనగా అది ప్రాణమునే తాకట్టు పట్టినట్లగును. అప్పులవారి చేతిలో నలిగిన మన పల్లెవాండ్రకు ఈ ఆజ్ఞ విలువ వేరొకరు చెప్పనక్కరలేదు. ప్రభువు తన రాకడను గూర్చి చెప్పినప్పుడును, ఇద్దరు స్త్రీలు ఒక తిరగలి యొద్ద కూర్చుండియుందురని చెప్పెను. చిన్ననాట ఆయన తల్లి ప్రక్కన కూర్చుండి ఆ పని చూడకుండునా?

అయిదువేలమందికి ఆహారము పెట్టిన దినమున ఒక చిన్నవాని యొద్ద దొరికినవి యవల రొట్టెలు అని యోహాను ప్రత్యేకముగా వ్రాసెను. యవలు బీదల ధాన్యము. గోధుమలు కొను వెలకు యవలు మూడింతలు వచ్చునని ప్రకటన గ్రంథములోని కరవు దర్శనము చెప్పుచున్నది. మన సీమలో జొన్నలెట్టివో అక్కడ యవలు అట్టివి. ఆ అయిదు రొట్టెలును ఆ ఉదయము ఎవరో తల్లి కాల్చి, కొడుకు గుడ్డలో కట్టి పంపినవై యుండవలెను. సువార్తలో ఆమె పేరు లేదు.

ఇక్కడ మన తెలుగు బైబిలును గూర్చి ఒక మాట. ప్రభువు నేర్పిన ప్రార్థనలో మనము అనుదినాహారము అడుగుచున్నాము. సంస్కారపు వాక్యములలో ఆయన రొట్టెను పట్టుకొనెనని చదువుచున్నాము. గ్రీకు భాషలో ఈ రెండు చోట్లను ఉన్నది ఒకటే మాట. మనకు అన్నమే ఆహారము గనుక తర్జుమా చేసినవారు ప్రార్థనలో ఆహారము అని వేసిరి. అది తప్పని నేననను. అయితే దానివలన ఒక నష్టము కలిగెను. అనుదినాహారము ఒకటి, బల్లమీది రొట్టె మరియొకటి అని మన మనస్సులో రెండు గదులు ఏర్పడెను. మొదటిది పొలమునుండి వచ్చును, కుండలో ఉడుకును. రెండవది ఎక్కడనుండియో వచ్చును, పళ్లెములో ఉండును. గలిలయవారికి అట్లు లేదు. పొద్దున తిన్నదియు బల్లమీద విరిచినదియు ఒకే పొయ్యిలోనిది.

తొలి సంఘములు ఈ సంగతి బాగుగ ఎరిగియుండెను. క్రీ.శ. 150 ప్రాంతమున రోమా పట్టణములో నివసించిన యుస్తీను అను హతసాక్షి, ఆదివారపు ఆరాధన ఎట్లు జరుగునో చక్రవర్తికి వ్రాసిన మనవిలో వివరించెను. రొట్టెయు, ద్రాక్షారసమును, నీళ్లును అధ్యక్షుని యొద్దకు తెత్తురు. ఆయన స్తుతులు చెల్లించును. రాలేనివారికి పరిచారకులు ఇండ్లకు తీసికొనిపోయి ఇత్తురు. కలిగినవారు మనఃపూర్వకముగా ఇచ్చినది విధవలకు, తండ్రిలేనివారికి, రోగులకు, చెరలోనున్నవారికి పోవును. బల్లకు వచ్చునదియు బీదలకు పోవునదియు ఒకే చోట చేరుట గమనింపుడి.

నూరేండ్ల తరువాత ఆఫ్రికా ఖండములోని కార్తేజిలో కుప్రియాను అను బిషప్పు, ఒక ధనవంతురాలిని గట్టిగా మందలించుచు వ్రాసిన మాటలు నేటికిని ఉన్నవి. ఆమె ప్రభువు ఇంటికి వట్టి చేతులతో వచ్చుచున్నది, బీదవాడు తెచ్చిన అర్పణలోనుండి భాగము పుచ్చుకొనుచున్నది అని ఆయన ఫిర్యాదు. తెచ్చుట పెద్దల మర్యాద కాదు, ప్రతివాని పని. బీదవాని రొట్టెను ధనవంతురాలు తినుచున్నది. తెలిసి తినవలెను గదా అని ఆయన బాధ. ఈ కుప్రియాను 258లో కత్తివాత పడి హతసాక్షి యాయెను.

హిప్పో పట్టణపు బిషప్పైన అగస్టీను, పునరుత్థాన పండుగ నాడు క్రొత్తగా బాప్తిస్మము పొందినవారిని బల్ల ముందర నిలిపి రొట్టెను చూపి బోధించెడివాడు. మీరును గింజలవలె వేరువేరుగా ఉంటిరి, ఉపవాసములతో విసరబడితిరి, బాప్తిస్మపు నీటితో తడిసి ముద్దయైతిరి, ఆత్మయను అగ్నిచేత కాల్చబడి ఒక్క రొట్టెయైతిరి అని ఆ బోధ సారాంశము. ఈ ప్రసంగము విన్నవారిలో చేతికి పిండి అంటని వారు ఎందరుందురు? విసరుట, తడుపుట, కాల్చుట అనిన వెంటనే వారి భుజములకే అర్థమై యుండును. యంత్రము కోసిన రొట్టె ముక్కను చూపి ఆ ప్రసంగము చేయబోయి నేనొకసారి మధ్యలో తడబడితిని.

అగస్టీను తల్లి మోనికా మాట కూడ చెప్పవలెను. ఆమె మిలాను పట్టణమునకు వచ్చినప్పుడు, తన దేశపు ఆచారము చొప్పున జావయు, రొట్టెయు, ద్రాక్షారసమును బుట్టలో పెట్టుకొని హతసాక్షుల సమాధుల యొద్దకు పోయెను. ద్వారపాలకుడు అడ్డగించెను. బిషప్పైన ఆంబ్రోసు ఇది మాన్పించెనని చెప్పెను. త్రాగుబోతులకు అది సాకు అగుచున్నదనియు, అన్యులు చచ్చినవారికి పెట్టు పిండములవలె ఉన్నదనియు ఆయన కారణము. ఆమె మారు మాట లేక విధేయురాలాయెను. ఆ బుట్టలోనిది బీదలకిచ్చుటకు పూనుకొనెను. తల్లి అంత సులువుగా ఒప్పుకొనుట కుమారునికే ఆశ్చర్యము కలిగించెను. ఇది చదివినప్పుడెల్ల నాకు మన అవ్వయే జ్ఞాపకము వచ్చును. ఆంబ్రోసుకు కారణము ఉండెను. నాకున్న కారణమేమి? మాడిన మచ్చలు!

ఇక నన్ను అన్నిటికంటె ఎక్కువగా గ్రుచ్చిన కథ రోమాది. 590 మొదలు 604 వరకు రోమా సంఘమునకు బిషప్పుగా ఉన్న గ్రెగరీని గూర్చి తరువాతి వారు చెప్పిన కథ ఇది. 8వ శతాబ్దమున వ్రాసిన ఆయన జీవితకథలలో ఉన్నది. ఆయన సంస్కారమిచ్చుచు ఒక స్త్రీ యొద్దకు వచ్చి క్రీస్తు శరీరమని పలుకగా ఆమె నవ్వెను. ఆయన చేయి వెనుకకు తీసికొని, ఎందుకు నవ్వితివని తరువాత అడిగెను. నా చేతులతో నేనే చేసిన రొట్టెను మీరు క్రీస్తు శరీరమని పిలిచితిరి, అందుకు నవ్వితిని అని ఆమె చెప్పెనట. ఆ మీదట ఆ రొట్టె రక్తమాంసములుగా మారి కనబడెనని కథ సాగును. ఆ అద్భుతమును స్థాపించుటకే దానిని వ్రాసిరి. నేను ఆ అద్భుతమును గూర్చి వాదింపను. నాకు పట్టినది అంతకు ముందున్న చిన్న సంగతి. ఆ కథ చెప్పుకొన్న కాలమునకు కూడ, పెద్ద పట్టణమైన రోమాలో ఒక ఇల్లాలు తన రొట్టెను తాను గుర్తుపట్టుట వినువారికి వింత కాలేదు. ఆమె నవ్వు అవిశ్వాసమని కథకుడు తీర్పు చెప్పెను. ఆ పుట చదివి నేను పుస్తకము మూసి చాలసేపు ఊరకుంటిని. అవ్వ ఎందుకు నవ్వెడిదో నాకు అప్పుడు తెలిసెను. అది అవిశ్వాసము కాదు చదువరీ. తన పొయ్యిమీది రొట్టెను ప్రభువు తనదని చేపట్టి, మరల తన చేతిలోనే పెట్టుచున్నాడు. నవ్వక ఏమి చేయును?

ఆ స్త్రీ తరువాత ఏమాయెను? పశ్చిమ దేశపు సంఘములలో 9వ శతాబ్దము మొదలుకొని పులియని రొట్టె వాడుక బలపడెను. రాను రాను అది ఇంటి రొట్టె పోలిక విడిచి పలుచని తెల్లని బిళ్లయాయెను. దానిని చేయుట మఠములలోని సన్యాసుల పని ఆయెను. ఫ్రాన్సు దేశపు క్లూనీ మఠము 11వ శతాబ్దపు ఆచారములు చదివితిని. గోధుమలు ఒక్కొక్క గింజగా ఏరుదురు. కడుగుదురు. తిరగలిని శుభ్రము చేసి చుట్టును తెరలు కట్టుదురు. తెల్లని వస్త్రములు ధరించి ముఖము కప్పుకొని పిండి కలుపుదురు. కాలిన ఇనుప అచ్చులలో కాల్చుదురు. వారి భక్తిని నేను తక్కువ చేయను. గింజ గింజనూ ఏరిన చేతులను ఎవరు నిందింతురు? అవ్వయు రాళ్లేరెను గదా. అయితే ఆ తెరలకు వెలుపల నిలిచినది సంఘము.

12వ శతాబ్దమున హోనోరియసు అను గ్రంథకర్త ఈ మార్పును సూటిగా వ్రాసి పెట్టెను. పూర్వము యాజకులు ప్రతి కుటుంబమునుండి పిండి తీసికొని దానితో రొట్టె చేసెడివారట. సంఘము పెరిగి భక్తి తగ్గి, పుచ్చుకొనువారు తక్కువైన మీదట, రొట్టెను నాణెము ఆకారముగా చేయుట ఏర్పడెను. పిండికి మారుగా ప్రజలు నాణెములు వేయుట ఏర్పడెను. ఆ నాణెములు ప్రభువును అప్పగించిన వెలను జ్ఞప్తికి తెచ్చునని కూడ ఆయన వ్రాసెను. 1215లో రోమాలో కూడిన సభ, ప్రతి విశ్వాసియు సంవత్సరమునకు ఒకసారియైనను పునరుత్థాన పండుగకు సంస్కారము పుచ్చుకొనవలెనని ఆజ్ఞాపింపవలసి వచ్చెను. తమ ఇంటనుండి పిండి పోవుట మానిన బల్లకు జనులు పోవుటయు మానిరని నేను గట్టిగా చెప్పలేను. ఇతర కారణములును ఉన్నవి. అయితే ఆ రెండును ఒకే కాలమున జరిగెను.

తూర్పు సంఘములవారు పులిసిన రొట్టెనే పట్టుకొని నిలిచిరి. 1054లో రోమాకును కాన్‌స్టాంటినోపులునకును కలిగిన చీలికలో ఈ పిండి తగాదా కూడ ఒకటి. ఇంత పులిపిండి కొరకు ఇంత కలహమా అని నవ్వు వచ్చును, ఏడ్పు వచ్చును. గ్రీకు సంఘపు స్త్రీలు బల్లకొరకు రొట్టెను ఇంటనే చేసి, కొయ్య ముద్ర వేసి తెచ్చు వాడుక నేటికిని కలదు. మన పొరుగున మలయాళ దేశములో సిరియను క్రైస్తవుల ఇండ్లలో మరియొక మంచి వాడుక ఉన్నది. శ్రమల వారములో గురువారము రాత్రి బియ్యపు పిండి, మినుములు కలిపి పులియని అప్పము వండుదురు. పెసహా అప్పమని దాని పేరు. మట్టలాదివారపు ఆకును దానిమీద సిలువగా పెట్టుదురు. ఇంటి యజమానుడు ప్రార్థించి, విరిచి, అందరికి పంచును. ఆ యేట మరణము సంభవించిన ఇంట అది చేయరు. ఇరుగుపొరుగువారు తెచ్చి ఇత్తురు. అది సంస్కారము కాదు, దానికి సాటి అని వారును అనరు. కాని గుడిలోని బల్లకును ఇంటిలోని పీటకును నడుమ త్రోవ పూడిపోకుండ అది కాచుచున్నది.

మన ప్రొటెస్టంటు పితరులు ఏమి చేసిరి? 1538లో జెనీవా పట్టణమునుండి కల్వినును ఫారెలును వెళ్లగొట్టబడిన తగాదాలో, బెర్ను పట్టణపువారి పులియని రొట్టెను పై అధికారులు బలవంతముగా రుద్దుట కూడ చేరియున్నది. పులిసినదైనను పులియనిదైనను భేదము లేదని కల్విను తరువాత వ్రాసెను. ఇంగ్లండు సంఘపు ప్రార్థన పుస్తకము 1552లో, సామాన్యముగా భోజనపు బల్లమీద తిను రొట్టె చాలును, అయితే దొరికినంతలో మేలైన గోధుమ రొట్టెయై ఉండవలెనని కట్టడ చేసెను. మిగిలిన రొట్టె కాపరి ఇంటికి తీసికొనిపోవచ్చునని కూడ అందే ఉన్నది. జీతము చాలని కాపరులను ఎవరో తలంచిరి కాబోలు! రొట్టె మరల ఇంటి రొట్టె ఆయెను, సంతోషమే. కాని దానిని కొని తెచ్చు భారము సంఘపు పెద్దలమీద పెట్టిరి. తెచ్చు చేతులు అందరివి కాలేదు.

తరువాత యంత్రముల కాలము వచ్చెను. 1928 జూలై 7న అమెరికాలోని చిల్లికాతె అను ఊరిలో, యంత్రము ముక్కలుగా కోసిన రొట్టె మొదటిసారి అమ్మకమునకు వచ్చెను. నేను బేకరీలో కొన్నది దాని మనుమరాలు.

ఇంక మన తెలుగు దేశపు మాట. ఇది చెప్పుటకు కొంచెము జంకుచున్నాను, అయినను చెప్పెదను. క్రైస్తవులైనవారు రొట్టెముక్క కొరకు కలిసిరను నింద మన తాతలు విన్నారు, మనమును విన్నాము. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిని మహా కరవు పీడించినప్పుడు, ఒంగోలులోని బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొన్ని మైళ్ల పని గుత్తకు తీసికొనెను. బీదలు మన్ను త్రవ్వి, గంపలతో మోసి, కూలి సంపాదించుకొని బ్రదికిరి. ఆ దినములలో బాప్తిస్మము కోరి వచ్చినవారిని ఆయన త్రిప్పి పంపెను. కూటికొరకు వచ్చిరను మాట పడకూడదని, కరవు సహాయము సాగుచున్నంత కాలము ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. సహాయము ముగిసిన తరువాతనే ఇచ్చిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ జనము అప్పటికి తమ చేతి కూలితో తిన్నవారు. వట్టి చేతులతో వచ్చినవారు కారు.

నా చిన్నతనమున బడిలో అమెరికా గోధుమ నూకతో ఉప్మా పెట్టెడివారు. ఆకలిగొన్న పిల్లలము, రుచిగా తింటిమి. పెట్టినవారికి ఇప్పటికిని కృతజ్ఞుడను. కాని పెట్టించుకొనుటయే అలవాటైన జనము, బల్ల యొద్దకును పెట్టించుకొనువారివలెనే వచ్చుననునది నా భయము. ఈ భయమునకు మందు మన తల్లులు ఎప్పుడో కనుగొనిరి. పొయ్యిమీద ఎసరు పెట్టునప్పుడు ఒక పిడికెడు బియ్యము తీసి వేరుగా కుండలో వేయుట, ఆదివారము దానిని గుడికి తెచ్చుట. మీ ఊరిలోను ఉండియుండును. నాకు తెలిసిన విధవరాలు ఒకతె, ఇంట బియ్యము లేని దినమున కుండలోనుండి తీయవలసి వచ్చునేమోనని ఆ కుండను పొరుగింట పెట్టెడిది. ఆ పిడికెడు బియ్యమును గూర్చి కుప్రియాను విన్నయెడల మెచ్చియుండును. ఇప్పుడు చాల సంఘములలో ఆ కుండకు బదులు కవరు వచ్చినది. లెక్కకు సులువే. హోనోరియసు వ్రాసిన నాణెముల కథ మన కన్నుల ముందర మరల జరుగుచున్నది.

అవ్వ యొద్దకు తిరిగి రావలెను. ఆమె ప్రశ్న అడిగిన నెల నేను పట్టణమునకు పోయి, ఆ బేకరీలో, ఈ రొట్టె ఎవరు చేయుదురని అడిగితిని. యజమానుడు వింతగా చూచి వెనుక గది చూపెను. పట్టపగలు ఇద్దరు కుర్రవాండ్రు మైదా సంచులమీద పడి నిద్రపోవుచుండిరి. రాత్రంతయు పొయ్యి యొద్ద నిలుచుట వారి పని. ఒకని ముంజేతిమీద కాలిన మచ్చలు వరుసగా ఉన్నవి. వారి పేళ్లు అడిగి వ్రాసికొని వచ్చి, ఆ ఆదివారము ప్రార్థనలో వారిని తలంచితిని. చేసినవారు లేని రొట్టె ఎక్కడను లేదు, నేను అడుగలేదు, అంతే.

ఆ శనివారమే సందెవేళ అవ్వ ఇంటికి పోయి, నీవే రొట్టె చేయవలెనని వేడుకొంటిని. ఆమె దెప్పలేదు. "కొత్తగా వచ్చినోరు, మీకేం తెలుసులే" అని తిరగలి ముందుకు జరిపి, "కూసోండి, రొంత ఇసరండి" అనెను. నేను విసరిన పిండి బరకగా పడెను. ఆమె మరల విసరవలసి వచ్చెను.

"అవ్వా, మన ఊరి పంట జొన్నలు గదా. బల్లకు జొన్నరొట్టె ఎందుకు చేయవు?" అని అడిగితిని.

"ఇంటికొచ్చిన సుట్టానికే జొన్నరొట్టె పెట్టము. ప్రభువుకు పెడతామా?"

బల్ల యొద్ద ప్రభువు చుట్టము కాడు, ఆయనే విందు చేయువాడు, మనము అతిథులము అని నాకు కళాశాలలో నేర్పిరి. అది చెప్పబోయి ఆగితిని. ఎమ్మాయు ఊరిలో ఆ సాయంకాలము ఆయన వచ్చినది చుట్టముగానే గదా. ఆ ఇద్దరు శిష్యులు బలవంతము చేసి ఇంటిలోనికి తెచ్చుకొనిరి. బల్లమీద ఉన్నది వారి ఇంటి రొట్టె. చుట్టముగా కూర్చున్నవాడు ఆ రొట్టెను పట్టుకొని, స్తోత్రము చేసి, విరిచి, ఇంటివారికే పంచెను. అప్పుడు వారి కన్నులు తెరవబడెను. వారు రొట్టె పెట్టకపోయినయెడల ఆయన ఏమి విరిచెడివాడు?

మరునాడు ముక్క చేతిలో పెట్టినప్పుడు అవ్వ నవ్వెను. నేను తల వంచుకొని తరువాతి వారి యొద్దకు పోతిని.

ఆమె 2006లో ప్రభువునందు నిద్రించెను. ఇప్పుడు నేనున్న సంఘము వేరు. ఇక్కడ రొట్టె ఇంటింటి వంతు. తిరగలి ఉన్నవారు విసరుదురు, లేనివారు మరకు పట్టించుకొని వత్తురు. ఒక ఇంట కోడలు కాల్చును, ఒక ఇంట బెంగుళూరు హోటలులో పనిచేసి వచ్చిన కుమారుడు కాల్చును. క్రిందటి నెల రొట్టెలో ఉప్పు ఎక్కువాయెను. ఆరాధన ముగిసిన పిదప వాకిట నిలిచిన ఆడువారందరు అది ఎవరి వంతో చెప్పుకొనుచు, ఆమెను ఆటపట్టించుచుండిరి.